మోటార్‌హోమ్ దొంగతనం, సెక్యూరిటీ పరికరాల పరిమితులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మోటార్‌హోమ్, అంటే లోపలే వండుకుని పడుకోగలిగే ఇల్లులాంటి బండి, ఉన్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏది పెట్టిస్తే బండి పోకుండా ఉంటుంది? అలాంటి వస్తువు లేదు. ఒక్కో పరికరం ఒక్కో రకం దొంగతనానికి అడ్డం పడుతుంది, మిగతా రకాల ముందు చేతులెత్తేస్తుంది. ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకోకుండా డబ్బు పెడితే, ఒకే పనికి మూడు పరికరాలు కొని అసలు దారి తెరిచి ఉంచినట్టవుతుంది. ఇక్కడి జవాబులన్నీ ఆ తేడా చెప్పడానికే.

ఇంత పెద్ద బండిని ఎవరు ఎత్తుకుపోతారు? ఎక్కడ దాస్తారు?

పెద్దదే కానీ నడపడం కష్టం కాదు. యూరప్‌లో అమ్మే మోటార్‌హోమ్‌లను చాలావరకు 3,500 కిలోల లోపే ఉండేలా తయారు చేస్తారు, మామూలు కారు లైసెన్సుతో నడుపుకోవడానికి. కింద ఉండేది సరుకులు మోసే వ్యాన్ ఛాసిసే. ఫియట్ డుకాటో, దానితో పాటే పుట్టిన పెజో బాక్సర్, సిట్రోయెన్ జంపర్, ఇవి కాకపోతే మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్. డెలివరీ వ్యాన్లను కాజేయడం నేర్చిన దొంగకి మోటార్‌హోమ్ కొత్త విద్యేమీ కాదు. అదే తలుపు తాళం, అదే ఇంజిన్ కంప్యూటర్, అదే వైరింగ్. వెనక పడకలూ వంటగదీ ఉన్నంత మాత్రాన ముందు భాగం గట్టిపడదు.

దాచడం ఇంకా తేలిక. రోడ్డు పక్కన మోటార్‌హోమ్ ఒక రాత్రి ఆగి ఉంటే ఎవరూ అనుమానించరు, అది అలా ఆగి ఉండాల్సిన బండే. పోయిందని యజమానికి తెలిసేది కూడా ఆలస్యంగానే. కారు పోతే తెల్లారేసరికి తెలిసిపోతుంది. చలికాలమంతా స్టోరేజ్‌లో పడి ఉండే మోటార్‌హోమ్ పోతే వారాలు గడిచాక, ఒక్కోసారి సీజన్ మొదలయ్యాక గానీ బయటపడదు. అప్పటికి నంబర్ ప్లేట్ మారిపోయి, బండి సరిహద్దు దాటేసి ఉంటుంది. లేదా విడిభాగాలుగా విడిపోయి ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, తలుపులు వేలాది వ్యాన్లకు సరిపోతాయి. ఫ్రిజ్, హీటర్, సోలార్ ప్యానెల్, లిథియం బ్యాటరీ విడిగా ఎవరైనా కొంటారు.

కంపెనీ ఇచ్చిన ఇమ్మొబిలైజర్ ఉంది కదా, అది చాలదా?

ముందు దాని గొప్పతనం చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య దాన్ని మరీ తీసిపారేస్తున్నారు. తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి వచ్చే రేడియో తరంగంతోనే అది మేలుకుంటుంది. బండి ఒక ప్రశ్న వేస్తుంది, చిప్ తన రహస్య సంఖ్యతో లెక్కకట్టి జవాబిస్తుంది, సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్ స్టార్ట్ కానిస్తుంది. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. కెనడాలో 2007లో అయ్యింది. అమెరికాలో అలాంటి జాతీయ నిబంధన లేదు. అక్కడ ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన హ్యుందాయ్, కియా కార్లను 2021, 2022 ప్రాంతంలో కుర్రాళ్ళు వీడియోలు చూసి మరీ ఎత్తుకుపోయారు. అది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అయితే దాన్ని దాటే దారులు మూడున్నాయి.

మొదటిది చిప్‌లోని గణితం. 2005లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ, ఆర్ఎస్ఏ ల్యాబ్స్ పరిశోధకులు లక్షలాది తాళంచెవుల్లో వాడిన 40 బిట్ల చిప్ రహస్యాన్ని ఛేదించి చూపించారు. 2012లో హైట్యాగ్2 అనే చిప్ వంతు వచ్చింది, ఆరు నిమిషాల్లో దాని రహస్య సంఖ్య బయటికి లాగవచ్చని తేలింది. మెగామోస్ క్రిప్టో అనే ఇంకో చిప్ మీద రాసిన పరిశోధన పత్రాన్ని 2013లో లండన్ హైకోర్టు ఆపేసింది. రెండేళ్ళ తర్వాత, 2015లో, అది అచ్చయింది. ఆ తరం బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. మోటార్‌హోమ్‌ను ఇరవై, ముప్పై ఏళ్ళు వాడతారు కాబట్టి ఇది మనకి పాత కథ కాదు.

రెండోది సర్వీస్ దారి. యజమాని తాళంచెవి పోగొట్టుకుంటే కొత్తది నేర్పించడానికి బండి ఒప్పుకోవాలి కదా. డాష్‌బోర్డ్ కింద ఉండే డయాగ్నస్టిక్ పోర్టు ద్వారా మెకానిక్ ఆ పని చేస్తాడు. అదే పరికరం దొంగ చేతికి వస్తే బండికి తేడా తెలియదు.

మూడోదే మోటార్‌హోమ్‌ల విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది. దొంగ ఏ రహస్యాన్నీ ఛేదించడు. వేరే బండి నుంచి తీసిన ఇంజిన్ కంప్యూటర్‌ని, దానికి జతగా ఉన్న తాళంచెవి చిప్‌తో సహా తనతోనే తెచ్చుకుంటాడు. బానెట్ కింద ఆ పెట్టె చేతికందేలా ఉన్న వ్యాన్లలో మీ కంప్యూటర్ కనెక్టర్లు ఊడదీసి తనది తగిలిస్తాడు. ఆ క్షణం నుంచి ఇమ్మొబిలైజర్ సక్రమంగానే పనిచేస్తోంది, కాకపోతే దొంగ తాళంచెవిని సొంత తాళంచెవిగా గుర్తుపడుతూ. ఈ దారిని మూసేది ఎలక్ట్రానిక్స్ కాదు, ఆ పెట్టె మీద బిగించే ఉక్కు కవచం, లోపలి నుంచి తప్ప తెరుచుకోని బానెట్ తాళం. చూడటానికి మోటుగా ఉంటాయి, ధర కూడా తక్కువే. మార్కెట్లో ఎవరూ వీటి గురించి గట్టిగా చెప్పరు.

నాది కీలెస్ బండి. తాళంచెవిని రేకు సంచిలో పెడితే సరిపోతుందా?

కీలెస్ బండికి తాళంచెవి జేబులో ఉంటే చాలు, తిప్పక్కర్లేదు. రేకు సంచి ఆ తాళంచెవి సిగ్నల్‌ను బయటికి పోనివ్వదు. రిలే దొంగతనానికి అది సరిపోతుంది. ఇంట్లో ఉన్న తాళంచెవి సిగ్నల్‌ను ఇద్దరు మనుషులు రెండు పెట్టెలతో బండి దాకా సాగదీయడమే రిలే. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ళ మీద దీన్ని చేసి చూపించారు. సిగ్నల్ ప్రయాణానికి పట్టిన సమయాన్ని కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళంచెవులు వచ్చాక కొత్త కార్లలో ఈ దారి ఇరుకవుతోంది. చాలా మోటార్‌హోమ్‌లకు ఇంకా మామూలు తాళంచెవే ఉంటుంది, దాన్ని ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పాలి. మీది అలాంటిదైతే రేకు సంచి అక్కర్లేదు, ఆ డబ్బు బానెట్ తాళానికి పెట్టండి.

సంచితో ఆగనిది ఇంకొకటి ఉంది. బండిలోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే తీగల జతను క్యాన్ బస్ అంటారు. బాష్ కంపెనీ 1986లో ప్రపంచానికి చూపించిన పద్ధతి అది. ఆ తీగ మీద ఎవరు మాట్లాడినా ఇంటివాళ్ళే అనుకునేలా దాన్ని రూపొందించారు, అప్పట్లో బయటివాడు ఆ తీగ దాకా వస్తాడని ఎవరూ ఊహించలేదు. 2023లో బయటపడ్డ కేసులో దొంగలు హెడ్‌లైట్ వెనక నుంచి ఆ తీగను అందుకుని, "తాళంచెవి సరైనదే, తెరువు" అన్న సందేశాన్ని నకిలీగా పంపారు. అది బయటపడిందే ఒక సెక్యూరిటీ నిపుణుడి సొంత టొయోటా పోవడం వల్ల. తాళంచెవి ఎంత భద్రంగా దాచినా ఈ దొంగకి దానితో పనే లేదు.

అయితే అదనంగా ఇంకో ఇమ్మొబిలైజర్ పెట్టిస్తే ఆగుతుందా?

నడిపించుకుపోయే దొంగని చాలావరకు ఆపుతుంది. స్టీరింగ్ బటన్లను మీకు మాత్రమే తెలిసిన వరుసలో నొక్కితే గానీ స్టార్ట్ కానివ్వని పరికరాలు ఉన్నాయి, జేబులోని చిన్న ట్యాగ్‌ను గుర్తుపట్టేవి ఉన్నాయి. కొత్త తాళంచెవి నేర్పించినా, ఇంజిన్ కంప్యూటర్ మార్చినా వీటిలో కొన్ని లొంగవు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న అదే: ఇంజిన్ కంప్యూటర్ మార్చేస్తే ఇది ఇంకా అడ్డం పడుతుందా, లేదా? అమ్మేవాడు సూటిగా జవాబు చెప్పకపోతే వదిలేయండి.

బిగించే చెయ్యి కూడా అంతే ముఖ్యం. ప్రతి బండిలోనూ ఒకే మూల బిగించి, కంపెనీ స్టిక్కర్ ఉన్న పెట్టెను కనిపించేలా వదిలేసే మెకానిక్ ఉంటాడు. అలాంటి బండి ఒక్కటి విప్పి చూసిన దొంగకి మిగతావన్నీ తెలిసినట్టే. మంచి మెకానిక్ తీగల కట్ట మీద కంపెనీ టేపు లాంటిదే చుడతాడు, స్టార్ట్ కానివ్వని ఆ స్విచ్‌ని ఎక్కడ పెట్టాడో బిల్లు మీద రాయడు.

ఇక లారీ మీదికి ఎక్కించి తీసుకుపోయేవాడికి ఏ ఇమ్మొబిలైజరూ అడ్డం కాదు. అతనికి ఇంజిన్‌తో పనే లేదు.

స్టీరింగ్ లాక్, చక్రానికి క్లాంప్... ఇవి పాతకాలం సామాను కదా?

పాతవే. నా దృష్టిలో మొదట డబ్బు పెట్టాల్సింది వీటి మీదే. ల్యాప్‌టాప్‌తో వచ్చిన దొంగ దగ్గర సాధారణంగా గ్రైండర్ ఉండదు, ఉన్నా ఆ నిప్పురవ్వలు, ఆ చప్పుడు అతను కోరుకునేవి కావు. మొత్తం స్టీరింగ్ చక్రాన్ని కప్పే లాక్ కనిపించగానే పక్క బండి వైపు చూసేవాళ్ళే ఎక్కువ. పక్క బండివాళ్ళ గురించి ఆలోచిస్తే బాధే కానీ నిజం అది.

వీటికీ హద్దులున్నాయి. కర్రలా ఉండే స్టీరింగ్ లాక్‌ని కొయ్యక్కర్లేదు, దాని కింద ఉన్న స్టీరింగ్ చక్రాన్ని కోస్తే చాలు, అది మెత్తటిది. పెడల్ లాక్‌లు, గేర్ లాక్‌లు దీనికంటే నయం. క్లాంప్ ఏ చక్రానికి వేస్తున్నారన్నది కూడా చూసుకోండి. డుకాటో రకం బండ్లకు ఇంజిన్ శక్తి ముందు చక్రాలకు వెళ్తుంది. ముందు చక్రాలను పైకెత్తి లాక్కుపోతే వెనక చక్రాలు దొర్లుతూ వస్తాయి, వాటిని పట్టి ఉంచేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. కాబట్టి నెలల తరబడి నిలిపినప్పుడు వెనక చక్రానికి కూడా ఒక క్లాంప్ వేయండి. ముందు భాగం గోడ వైపు ఉండేలా నిలపండి, లేదా ఇంకో బండి అడ్డం పెట్టండి.

అన్నిటికంటే పెద్ద బలహీనత మనమే. రోజూ తీసి పెట్టడానికి విసుగు పుట్టి, వారం తిరిగేసరికి స్టీరింగ్ లాక్ సీటు కిందికి చేరుతుంది. పది సెకన్లలో పెట్టగలిగే లాక్, పది నిమిషాలు పట్టే గొప్ప లాక్ కంటే మేలు.

అలారం మోగితే ఎవరైనా వస్తారా?

మీరు దగ్గరలో ఉంటే మీరు వస్తారు. వేరే ఎవరూ రారని అనుకునే ఏర్పాట్లు చేసుకోండి. అలారంలో అసలు విలువ మోత కాదు, మీ ఫోన్‌కి వచ్చే సందేశం. లోపలి సెన్సర్లు కీటకాలకీ, తెరిచి ఉంచిన పైకప్పు కిటికీలోంచి వచ్చే గాలికీ మోగుతాయి. రెండు రాత్రులు ఊరికే మోగితే మూడో రాత్రి మీరే ఆపేసి పడుకుంటారు. దొంగలు కావాలనే అలా మోగించి విసిగించిన సందర్భాలూ ఉన్నాయి. తలుపులకి, సామాను అరలకి పెట్టే అయస్కాంత స్విచ్‌లు ఇంత గొడవ చేయవు, మీరు లోపల పడుకున్నప్పుడు కూడా పనిచేస్తాయి.

ట్రాకర్ ఉంది. ఇక నాకు టెన్షన్ ఎందుకు?

ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు. పోయాక వెతకడానికి సాయపడుతుంది. ఈ ఒక్క తేడాను అమ్మేవాళ్ళు కావాలనే మసకగా ఉంచుతారు.

ట్రాకర్ పనిచేయాలంటే వరుసగా నాలుగు పనులు జరగాలి. ఉపగ్రహాల సిగ్నల్ దానికి అందాలి. ఆ సమాచారం మొబైల్ నెట్‌వర్క్ ద్వారా బయటికి వెళ్ళాలి. అటువైపు ఎవరో చూడాలి. చూసినవాళ్ళ మాట విని ఎవరో కదలాలి. ఏ ఒక్కటి తెగినా మిగతా మూడూ వృథా.

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ నేలకి చేరేసరికి చాలా బలహీనం. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న జామర్ కూడా దాన్ని ముంచేస్తుంది. జామర్ వాడటం చాలా దేశాల్లో నేరమే, బండి దొంగకి ఇంకో నేరం లెక్క కాదు. ఇనుప కంటైనర్‌లోకి ఎక్కిస్తే జామర్ కూడా అక్కర్లేదు. ఇలాంటిచోట వీహెచ్ఎఫ్ రేడియో సిగ్నల్ ఇచ్చే ట్రాకర్లు నయం. అమెరికాలో లోజాక్ అనే కంపెనీ 1986లో మొదలుపెట్టిన పద్ధతి ఇదే. ఆ సిగ్నల్ గోడల గుండా బయటికి వస్తుంది, జామర్‌కి అంత తేలికగా లొంగదు. అయితే అది మ్యాపు మీద చుక్కను చూపించదు. దాన్ని పసిగట్టే పరికరం పట్టుకుని ఎవరో ఆ చుట్టుపక్కల తిరగాలి.

నాలుగో మెట్టు దగ్గరే చాలామంది గుండె జారిపోతుంది. అర్ధరాత్రి ఫోన్ మోగింది, తెర మీద చుక్క కదులుతోంది, ఊరు దాటింది, ఎక్కడో గోడౌన్ల మధ్య ఆగింది. మీరు పోలీసులకి ఫోన్ చేస్తారు. "ఆ చుట్టుపక్కల ఉంది" అంటే వాళ్ళు ఏ తలుపు తట్టాలి? చాలాచోట్ల సోదాకి అనుమతి కావాలి, రాత్రి పూట మనుషులు తక్కువ, ప్రాణాపాయం ఉన్న పిలుపులు ముందుంటాయి. సొంతంగా కొన్న చవక ట్రాకర్‌కీ, నెలనెలా డబ్బు కట్టే సర్వీసుకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. సర్వీసువాళ్ళకి పోలీసుల్లో ఎవరితో మాట్లాడాలో తెలిసి ఉంటుంది, ఏ సమాచారం ఇస్తే పని కదులుతుందో తెలిసి ఉంటుంది. కొనేముందు "రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేది ఎవరు?" అని అడిగి చూడండి.

ఇంకో మాట. బండి దొంగిలించాక దాన్ని ఏదో వీధిలో రెండు మూడు రోజులు ఊరికే వదిలేయడం దొంగలకి అలవాటు. ట్రాకర్ ఉంటే ఎవరో ఒకరు వస్తారు, రాకపోతే లేనట్టు. కాబట్టి చుక్క ఒకేచోట ఆగిపోయిందని ఆశ వదులుకోకండి. బండి దొరికే మంచి అవకాశం ఆ రెండు మూడు రోజులే.

ఎయిర్‌ట్యాగ్ లాంటిది ఒకటి పడేస్తే సరిపోదా?

ఎయిర్‌ట్యాగ్ అంటే వస్తువులు వెతుక్కోవడానికి ఆపిల్ అమ్మే చిన్న ట్యాగ్. రెండో ట్రాకర్‌గా పర్వాలేదు, ఒకే ఒక్క ట్రాకర్‌గా వద్దు. అది తనంతట తాను ఎక్కడుందో చెప్పలేదు. పక్కన వెళ్ళే ఎవరి ఫోనో దాన్ని వింటే ఆ ఫోన్ చెబుతుంది. ఊరి బయట షెడ్డులో ఎవరి ఫోనూ ఉండదు. పైగా మనుషులను రహస్యంగా వెంబడించకుండా ఉండేందుకు, తెలియని ట్యాగ్ తనతో పాటు కదులుతుంటే ఫోన్ హెచ్చరిస్తుంది. 2024 నుంచి ఆపిల్, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండింటిలోనూ ఈ హెచ్చరిక వస్తోంది. ఆ ఏర్పాటు న్యాయమైనదే, ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడే ఏర్పాటు. కాకపోతే అదే హెచ్చరిక దొంగ ఫోన్‌కి కూడా వెళ్తుంది.

చలికాలమంతా బండి కదలదు. అప్పుడు ఈ పరికరాలన్నీ పనిచేస్తూనే ఉంటాయా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అడగాల్సినవాళ్ళు ఎక్కువ.

అలారం, ట్రాకర్, బండి సొంత ఎలక్ట్రానిక్స్ కలిపి 50 మిల్లీయాంపియర్లు తాగుతున్నాయనుకుందాం. చిన్న సంఖ్యే. కానీ రోజుకి 1.2 యాంపియర్ అవర్లు. 95 యాంపియర్ అవర్ల స్టార్టర్ బ్యాటరీలో సగం నలభై రోజుల్లో హరించుకుపోతుంది. చలికి బ్యాటరీ శక్తి ఇంకా తగ్గుతుంది. పైన సోలార్ ప్యానెల్ ఉందిలే అనుకుంటారు. చాలా బండ్లలో ఆ ప్యానెల్ ఇంటి భాగం బ్యాటరీని మాత్రమే నింపుతుంది, అలారం, ట్రాకర్ తాగేది స్టార్టర్ బ్యాటరీని. అంటే దొంగలకి అనువైన కాలంలో మీ అలారం మూగబోయి ఉంటుంది, ట్రాకర్ నిద్రపోతుంటుంది. తాళం వేసి గొళ్ళెం మరిచినట్టు.

ఒక సాయంత్రం మల్టీమీటర్ పెట్టి స్టార్టర్ బ్యాటరీ వోల్టేజ్ చూడండి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపించాలి. రెండు వారాల తర్వాత మళ్ళీ చూడండి. బాగా పడిపోయి ఉంటే సోలార్ కంట్రోలర్ నుంచి స్టార్టర్ బ్యాటరీకి కూడా ఛార్జింగ్ వెళ్ళేలా చేయించండి. బ్యాటరీ తీగ కోసేస్తే హెచ్చరిక పంపే ట్రాకర్, సొంత లోపలి బ్యాటరీ ఉన్న ట్రాకర్ తీసుకోవడం కూడా అందుకే.

ఇంటి భాగం తలుపు, కిటికీలు ఎంత గట్టివి?

గట్టివి కావు. కిటికీలు యాక్రిలిక్, చిన్న ప్లాస్టిక్ గొళ్ళేలు. తలుపు తేలికపాటి ఫ్రేమ్. ఆ తాళాన్ని ఒక స్క్రూడ్రైవర్ లొంగదీస్తుంది. ఇంజిన్‌కి ఎన్ని అడ్డాలు పెట్టినా, లోపలికి వచ్చి ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు పట్టుకుపోవడానికి దొంగకి అవేవీ అడ్డం రావు. తలుపుకి విడిగా బిగించే డెడ్‌లాక్, ముందు తలుపుల హ్యాండిళ్ళను లోపలి నుంచి కలిపి ఉంచే గొలుసు లాంటి ఏర్పాటు మంచివి. లోపల నేలకి బోల్టు వేసిన చిన్న ఇనుప పెట్టె ఇంకా మంచిది. రిజిస్ట్రేషన్ కాగితాలు, రెండో తాళంచెవి బండిలో దాచకండి. ఎంత తెలివిగా దాచామనుకున్నా, దొంగకి తెలియని చోట్లు ఆ చిన్న గదిలో ఉండవు.

లోపల పడుకున్నప్పుడు మాత్రం ఒక్క క్షణంలో బయటపడగలిగేలా ఉండాలి. తాళంచెవి వెతుక్కోవాల్సిన తాళం లోపలి వైపు వేయకండి, నిప్పు అంటుకుంటే అది ప్రాణాల మీదికి తెస్తుంది.

నిద్రమత్తు గ్యాస్ వదిలి దోచుకుంటారట, నిజమేనా?

ఈ కథ విననివాళ్ళు ఉండరు. దోపిడీలు నిజం, గ్యాస్ కాదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్, అంటే మత్తు డాక్టర్ల సంస్థ, దీని మీద స్పష్టంగా ప్రకటన ఇచ్చింది: కిటికీలోంచి ఈథర్, క్లోరోఫాం ఊది, ఎవరికీ తెలియకుండా మనుషులను స్పృహ తప్పించడం సాధ్యం కాదు. ఘాటు వాసనకే మేలుకుంటారు. గది నిండేంత మందు మోసుకురావాలి. ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్ పక్కనే కూర్చుని శ్వాస చూసుకుంటూ ఇచ్చే మందు అది. 2002 అక్టోబరులో మాస్కో థియేటర్‌లో బందీలను విడిపించడానికి రష్యా దళాలు గ్యాస్ వదిలినప్పుడు ఏమైందో చూడండి, 120 మందికి పైగా బందీలే చనిపోయారు. ఎవరికీ హాని లేకుండా హాయిగా నిద్రపుచ్చే గ్యాస్ దొంగల దగ్గర ఉండి ఉంటే ముందు ఆసుపత్రులే దాన్ని కొనేవి.

మరి అంతమంది "తలనొప్పితో లేచాం, ఏమీ వినపడలేదు" అని ఎందుకంటారు? రోజంతా నడిపి అలసిపోయిన మనిషి నిద్ర చాలా గాఢమైనది. మూసిన గదిలో తెల్లారేసరికి తల బరువెక్కడం మామూలే. దొంగ చప్పుడు చేయకుండా పనిచేయడమే అతని వృత్తి. నాకు ఇందులో దిగులు ఏమిటంటే, గ్యాస్ అలారం కొని ఊరుకున్న కుటుంబం తలుపు తాళం మార్చదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం తప్పకుండా ఉండాలి. ఆ గ్యాస్ మీ స్టవ్ నుంచో హీటర్ నుంచో రావచ్చు, అది నిజంగా చంపుతుంది.

సర్టిఫికెట్ ఉన్న పరికరం కొంటే నమ్మవచ్చా?

లేనిదాని కంటే నమ్మవచ్చు. బ్రిటన్‌లో థాచమ్ రీసెర్చ్ ఇలాంటివి పరీక్షించి వర్గాలుగా విడగొడుతుంది. 2019 నుంచి ట్రాకర్లను ఎస్5, ఎస్7 అంటున్నారు. ఎస్5లో డ్రైవర్ దగ్గర ట్యాగ్ లేకుండా బండి కదిలితే హెచ్చరిక వెళ్తుంది, ఎస్7లో ఆ ట్యాగ్ ఉండదు. ఇలాంటి పరీక్ష చెప్పేది ఒకటే, ఫలానా పద్ధతులకి ఫలానా సమయం తట్టుకుంది అని. పరీక్ష తర్వాత పుట్టిన కొత్త పద్ధతి గురించి ఆ కాగితం ఏమీ చెప్పదు.

ఇన్సూరెన్స్ ఉంది, పోతే డబ్బులొస్తాయి కదా?

పాలసీ కాగితం చదివారా? ట్రాకర్ ఉందని చెప్పి తగ్గింపు తీసుకుని, దాని సభ్యత్వం రెన్యూ చేయకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు. స్టీరింగ్ లాక్ ఉందని రాసి అది సీటు కింద ఉంటే చిక్కు. తాళంచెవులన్నీ చూపించమంటారు. నిలిపే చోటు చిరునామా మారితే ముందే తెలియజేయాలి. ఒప్పుకున్న విలువ ఇస్తారా, పోయిన రోజు మార్కెట్ ధర ఇస్తారా అన్నది కొనేటప్పుడే తేల్చుకోండి. సోలార్, లిథియం బ్యాటరీ లాంటివి తర్వాత పెట్టించుకుంటే వాటిని విడిగా చెప్పకపోతే లెక్కలోకి రావు.

సీసీ కెమెరాలున్న స్టోరేజ్‌లో పెట్టాను. అది చాలా?

కెమెరా చూస్తుంది, అంతే. ఆ తెర ముందు రాత్రి ఎవరైనా కూర్చుంటారా? గేటు కోడ్ అందరికీ ఒకటేనా, ఎవరైనా వెళ్ళిపోతే మారుస్తారా? బండి బయటికి వెళ్ళేటప్పుడు "ఇది మీదేనా" అని అడిగే మనిషి ఉన్నాడా? ఆ ఆఖరి ప్రశ్నకి ఉన్నాడని జవాబొస్తే, మిగతావి కాస్త అటూ ఇటైనా ఆ చోటే ఎంచుకోండి. వరుసల్లో దగ్గరదగ్గరగా నిలిపే చోట లోపలి వరుస అడగండి. మీ బండి తియ్యాలంటే ఇంకో రెండు బండ్లు కదలాలి.

బండి పోయింది. మొదటి గంటలో ఏం చేయాలి?

ముందుగా, టోయింగ్ వాళ్ళు తీసుకెళ్ళలేదని రూఢి చేసుకోండి. వెంటనే పోలీసులకి ఫోన్, అదే నిమిషంలో ట్రాకర్ కంపెనీకి ఫోన్. చాలా కంపెనీలు పోలీసు కంప్లయింట్ నంబర్ ఇస్తేనే పని మొదలుపెడతాయి. ఆ తర్వాత ఇన్సూరెన్స్. ఛాసిస్ నంబర్, బండి ఫొటోలు, పైకప్పు మీద ఏమున్నాయో, ఎక్కడ గీతలున్నాయో ఫోన్‌లో ముందే భద్రం చేసి ఉంచుకోండి, ఆ టైంలో ఏదీ గుర్తుకు రాదు. పైకప్పు మీద పెద్ద అక్షరాల్లో బండి నంబర్ రాయించుకున్నవాళ్ళు ఉన్నారు, హెలికాప్టర్ నుంచి కనిపించే గుర్తు అదొక్కటే. మంచి ఆలోచన, ఖర్చూ తక్కువ.

ట్రాకర్ చూపించిన చోటికి మీరు ఒంటరిగా వెళ్ళకండి. అవతల ఎందరున్నారో, చేతుల్లో ఏముందో మీకు తెలియదు. దూరం నుంచి చూసి పోలీసులకి చెప్పడం వరకే.

వాడిన మోటార్‌హోమ్ కొంటున్నాను. అది దొంగ బండి కాదని ఎలా తెలుస్తుంది?

దొంగిలించిన బండికి, అదే మోడల్, అదే రంగు ఉన్న ఇంకో సక్రమమైన బండి నంబర్ తగిలించి అమ్ముతారు. కాగితాల మీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది. ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. వాటిలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు, ఉంటే అది నకిలీ. ఆ నంబర్‌ను అద్దం కింద, తలుపు దగ్గర స్టిక్కర్ మీద, ఛాసిస్ ఇనుము మీద, కాగితాల్లో కలిపి చూడండి. డయాగ్నస్టిక్ స్కానర్ పెట్టించి ఇంజిన్ కంప్యూటర్‌లో ఉన్న నంబర్ కూడా చదివించండి. అది వేరేగా ఉంటే ఆ పెట్టె ఎప్పుడు, ఎందుకు మారిందో బిల్లుతో సహా చూపించమనండి. ఇంటి భాగం కట్టిన కంపెనీ విడిగా వేసే సీరియల్ నంబర్‌ను చాలామంది దొంగలు మరిచిపోతారు. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఏ ఛాసిస్ మీద కట్టారో చెప్పగలరు. అమ్మేవాడు తన ఇంటి దగ్గర కాకుండా పార్కింగ్ స్థలంలో కలుద్దామంటే, ధర మరీ తక్కువైతే, ఒక్క తాళంచెవే ఉందంటే వెనక్కి వచ్చేయండి.

పోయిన బండి దొరికింది. మళ్ళీ వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కానీ దొరికిన సంతోషంలో ఆ రోజే బయల్దేరకండి. దొంగ నేర్పించిన తాళంచెవి ఇంకా అతని దగ్గర ఉండవచ్చు. బండి మెమరీలోని తాళంచెవులన్నీ తుడిపించి, మీ చేతిలో ఉన్నవి మాత్రమే మళ్ళీ నేర్పించమనండి. తలుపు తాళాలు మార్చండి. బండిలో మీ చిరునామా ఉన్న కాగితం ఏదైనా ఉండి ఉంటే ఇంటి తాళం కూడా. మీరు పెట్టని ట్రాకర్ ఏదైనా అంటించారేమో బంపర్ల వెనక, చక్రాల పైన చూడండి.

ఫ్రిజ్‌నో హీటర్‌నో ఊడదీసుకుపోయి ఉంటే గ్యాస్ పైపు తెగి ఉంటుంది. ఊడదీయకపోయినా, రోజుల తరబడి ఎవరో అడ్డదిడ్డంగా నడిపిన బండి అది, కీళ్ళు వదులై ఉండవచ్చు. సిలిండర్ వాల్వ్ కట్టేసి, గ్యాస్ లైనంతా ప్రెషర్ పరీక్ష చేయించిన తర్వాతే స్టవ్ వెలిగించండి.